జాతర పోతు, తాడు పట్టిన మనిషి



మనలో బళ్లారి, కోలారు వాళ్లున్నారు. వేలూరు, మదురై వాళ్లున్నారు. బరంపురం, రాయగడ, షోలాపురం, ముంబయి, యానాం వాళ్లున్నారు. మన తాతముత్తాతలు పని వెతుక్కుంటూ ఊరు దాటినప్పుడు మూటలో భాషను తీసుకెళ్లారు, పాటను తీసుకెళ్లారు. చాలామంది ఊరమ్మను కూడా తీసుకెళ్లారు. అందుకే మనం ఏ రాష్ట్రంలో ఉన్నా మన వీధి చివర ఒక పోచమ్మో, గంగమ్మో, మారెమ్మో ఉంటుంది. మనలో కొందరం ఆ గుడికి వెళ్లడం మానేసి రెండు మూడు తరాలైంది. మన చుట్టాలు ఇప్పటికీ వెళ్తారు. జాతర వస్తే డప్పు మన ఇంట్లోకీ వినిపిస్తుంది.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఆ జాతరలో తెగే మూగజీవాల గురించి. ఏటా పండుగ రోజుల్లో మన పిల్లల ఫోన్లలో ఆ వీడియోలు తిరుగుతాయి. వెంటనే రెండు మాటలు వస్తాయి. ఒకటి, "ఇది మా ఆచారం, మీరు వేలు పెట్టొద్దు." రెండోది, "ఇది అనాగరికం, పోలీసుల్ని పంపించి ఆపించండి." ఈ రెండు మాటలూ జంతువు గురించే అన్నట్టు వినిపిస్తాయి. జంతువు పక్కన ఒక మనిషి కూడా నిలబడి ఉంటాడు. తాడు పట్టుకున్నవాడు, డప్పు కొట్టేవాడు, నరికేవాడు, ఆ తర్వాత కళేబరం ఎత్తేవాడు. అతని గురించి ఆ రెండు మాటల్లోనూ ఏమీ ఉండదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇంతే: పోతు మెడలోని తాడూ, దాన్ని పట్టుకోక తప్పని మనిషి మెడలోని తాడూ ఒకే పేట. ఒకదాన్ని కోసి రెండోదాన్ని వదిలేస్తే మనం చేసింది దయ అనిపించుకోదు.

ముందుగా, ఒక గాటన కట్టేసిన సంగతుల్ని విడదీద్దాం. "జంతువులతో చేసే ఆచారాలు" అనే మాట కింద కనీసం మూడు వేరు వేరు పనులున్నాయి.

మొదటిది, కోసి వండుకుని తినేది. అమ్మవారికి మొక్కుకున్న మేకపోతునో, కోడినో కోసి, చుట్టాలను పిలిచి తినడం. ఏడాదికోసారి మాంసం రుచి చూసే ఇళ్లలో ఇదే పెద్ద విందు. దీన్ని తప్పుపట్టే ముందు మనం రోజూ తినే చికెన్ వైపు చూడాలి. ఆరు వారాలు నిండకుండానే ఫారం నుంచి బయటికొచ్చిన కోళ్లను కాళ్లు కట్టి, మోపెడ్‌కు రెండు పక్కలా తలకిందులుగా వేలాడదీసి ఎండలో తీసుకెళ్లడం మనందరం చూసిందే. ఆ కోడి మన పళ్లెంలోకి వచ్చేటప్పుడు మనకు గుర్తురాని జాలి, పేదవాడి మొక్కు దగ్గరే గుర్తొస్తే అది జాలి అవునో కాదో ఆలోచించుకోవాలి.

రెండోది, బాధ పెట్టడమే ఆచారంలో భాగమైనది. తెలంగాణలో పోతురాజు మేకపిల్ల గొంతును పళ్లతో కొరికి చీల్చే 'గావు' అలాంటిది. ఒక్క వేటుకు తెగకపోతే అపశకునమని జనం కేకలు వేస్తుంటే పదేపదే నరకడం అలాంటిది. ఇక్కడ తిండి పేరు చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ జీవి ఎక్కువసేపు బాధపడింది. అంతే.

మూడోది, ఆచారం పేరు పెట్టుకున్న జూదం. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో, యానాం చుట్టుపక్కల కోనసీమలో జరిగే కత్తి పందేలు మీకు తెలుసు. డేగ, కాకి, నెమలి అంటూ రంగును బట్టి జాతులు, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం, జీడిపప్పూ బాదంపప్పూ పెట్టి నెలల తరబడి మేపడం, చెరువులో ఈత కొట్టించడం, చివరికి కాలికి కత్తి కట్టి బరిలో వదలడం. కత్తి లేకుండా ఆడే డింకీ పందెం కూడా ఉంది. పరువు కోసమే అయితే అది చాలు. కత్తి కట్టేది పందెం త్వరగా తేలి, వెంటనే ఇంకో పందెం కాయడానికి. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో కోడి కాలికి కట్టిన కత్తి తగిలి, ఆ కోడిని పట్టుకున్న మనిషే చనిపోయాడు. ఆ కత్తికి కోడీ మనిషీ తేడా తెలియదు. పందెంలో ఇల్లు గుల్లయిన కుటుంబాలను లెక్కపెట్టే రిజిస్టరు ఏ ఊళ్లోనూ లేదు. ఆ ఇంటి ఆడవాళ్లకు మాత్రం ఆ లెక్క నోటికొచ్చు.

ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే కర్రతో కొడితే దెబ్బ ఎవరికి తగులుతుంది? బలవంతుడికి తగలదు. ఆ సంగతి చట్టాల కథ చూస్తే తెలుస్తుంది.

పాత మద్రాసు రాష్ట్రంలో 1950లోనే జంతు, పక్షి బలుల నిషేధ చట్టం వచ్చింది. కర్ణాటకలో 1959లో వచ్చింది. 1960లో దేశమంతటికీ జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద మొదటిసారి తప్పు చేసినవాడికి పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. బరిలో లక్షలు కాసేవాడికి యాభై రూపాయలు! అదే చట్టంలో 28వ సెక్షన్, ఏ సమాజమైనా తన మతం కోరిన పద్ధతిలో జంతువును చంపితే అది ఈ చట్టం కింద నేరం కాదంటుంది. అంటే ఒక చట్టం వద్దంటుంది, ఇంకో చట్టం పక్కకు తప్పుకుంటుంది. మధ్యలో నిర్ణయించేది ఆ ఊరి పోలీసు, ఆ ఊరి పెద్ద.

తమిళనాడు వాళ్లకు 2003 గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో ఆ పాత 1950 చట్టాన్ని గట్టిగా అమలు చేయాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చిన్న చిన్న గ్రామదేవతల గుళ్ల దగ్గర పోలీసులు నిలబడ్డారు. పేదల మొక్కులు ఆగాయి. జనం కోపం చూసి 2004లో చట్టాన్నే రద్దు చేశారు. ఆ ఆరు నెలల్లో మేకను తక్కువ బాధతో ఎలా కోయాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. భయపెట్టారు, తర్వాత వదిలేశారు.

జల్లికట్టు సంగతి ఇంకోలా నడిచింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ, ఎడ్లబండ్ల పందేలనూ ఆపమంది. 2017 జనవరిలో మెరీనా తీరమంతా యువకులతో నిండిపోయింది. తమిళనాడు చట్టాన్ని సవరించుకుంది. కంబళ కోసం కర్ణాటక, బండ్ల పందేల కోసం మహారాష్ట్ర అదే దారి పట్టాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మూడు సవరణలనూ నిలబెట్టింది. ఇక్కడ కొన్ని నిబంధనలైనా వచ్చాయి: పశువైద్యుడి పరీక్ష ఉండాలి, ఎద్దుకు మందూ మత్తూ పట్టించకూడదు, కంట్లో కారం కొట్టకూడదు. మంచిదే. అయితే కొన్ని ఊళ్లలో వాడివాసల్ గుండా దళితుల ఎద్దును రానివ్వడం లేదన్న ఫిర్యాదులు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎద్దు ఆరోగ్యం చూడటానికి డాక్టరు ఉన్నాడు. ఎద్దు యజమాని కులం చూసి వెనక్కి పంపేవాడిని పట్టుకోవడానికి అక్కడ ఎవరున్నారు?

ఇప్పుడు తాడు పట్టుకున్న మనిషి దగ్గరికి వద్దాం.

నూరేళ్ల కిందట మన ప్రాంతపు జాతరలను దగ్గరగా చూసి రాసినవాళ్లలో ఇద్దరు క్రైస్తవ బోధకులే. నెల్లూరు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ పుస్తకం 1915లో వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పుస్తకం 1916లో వచ్చింది. వాళ్లు బలి గురించి చాలా రాశారు. దున్నపోతు తల నరకడం, దాని ముందరి కాలు నోట్లో పెట్టడం, ముఖానికి కొవ్వు పూసి పైన దీపం పెట్టడం, నెత్తురు కలిపిన అన్నాన్ని అర్ధరాత్రి పొలిమేర చుట్టూ 'పొలి'గా చల్లడం. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అయితే ఆ వర్ణనల్లోనే ఇంకో జాబితా దాగి ఉంది. డప్పు ఎవరిది, పాడే ఆసాది ఎవరు, మాతంగి ఏ ఇంటి బిడ్డ, దున్నను నరికేదెవరు, తల మోసేదెవరు, పొలి చల్లేదెవరు? పండుగకు డబ్బు పెట్టేది ఊరంతా. మంచి జరిగితే అది ఊరందరికీ. నెత్తురు అంటే పనులు మాత్రం మాల, మాదిగ వాడలకు. ఊరి కీడునంతా ఒక దున్నపోతు మీదికి ఎక్కించి, ఆ దున్నపోతును ఒక కులం చేతికి ఇచ్చారు. మర్నాడు ఆ చేతులనే అంటుకోకూడదన్నారు.

అదే గుడి దగ్గర కొన్నిచోట్ల పోతుతో పాటు ఆడపిల్లను కూడా ఇచ్చారు. జోగిని అన్నారు, బసివి అన్నారు. చిత్తూరు జిల్లాలోనూ, దాన్ని ఆనుకున్న తమిళనాడు ఊళ్లలోనూ మాతమ్మ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని 1988లో చట్టం నిషేధించింది. మేకపోతును కట్టిన గుంజకే ఒక పసిపిల్ల బతుకును కూడా కట్టారని తెలిసినవాడు, మేక గురించి మాత్రమే కన్నీళ్లు పెట్టుకోలేడు.

ఈ తాడును మొదట తెంచుకున్నవాళ్లు ఎవరు? పైనుంచి వచ్చిన సంస్కర్తలకంటే ముందు, ఆ పని చేసిన వాళ్లే. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య గారు ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో ఆ ఉద్యమానికి ఆద్యుడు. ఆయన వెంట వచ్చినవాళ్లు పెట్టుకున్న నియమాలు చాలా తక్కువ: ఆదివారం పనిచేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం. ఈ చిన్న జాబితాకు ఊరు ఎందుకు అంత కోపం తెచ్చుకుంది? వాళ్లు గుడి మానేసినందుకు మాత్రమే కాదు. జాతరలో డప్పు ఆగింది. చచ్చిన పశువును తీసుకుని, బదులుగా చెప్పులూ మోట తోళ్లూ కుట్టి ఇచ్చే పాత ఒప్పందం కదిలింది. పశువుకూ మనిషికీ కలిపి వేసిన ముడి అక్కడ మొదటిసారి వదులైంది. అరవై ఏళ్ల తర్వాత, 1927 మార్చిలో మహారాష్ట్రలోని మహాడ్ సభలో డాక్టర్ అంబేద్కర్ తన వాళ్లకు చెప్పింది కూడా ఇదే: చచ్చిన పశువులను మోయడం మానండి, ఆ మాంసం తినడం మానండి. షోలాపురం, ముంబయి నుంచి వచ్చినవాళ్లకు ఈ చరిత్ర నేను చెప్పాల్సిన పని లేదు.

చట్టం ఈ మాటను అందుకోవడానికి ఇంకో తొంభై ఏళ్లు పట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఎస్సీ, ఎస్టీలతో బలవంతంగా పశువుల కళేబరాలు ఎత్తించడాన్ని నేరం చేసింది. వారి స్త్రీలను దేవదాసీగా అంకితం చేయడాన్నీ నేరం చేసింది. రెండూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి. ఒకే పేట అని నేను ఊరికే అనలేదు. ఇక్కడే మన గుండెకు గుచ్చుకునే సంగతి ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. కళేబరం ఎత్తనన్నందుకు దెబ్బలు తిన్న పేరయ్య గారి తరం మనవళ్లు, అదే పని ఎవరైనా బలవంతంగా చేయిస్తే, ఆ చట్టం తలుపు బయటే నిలబడాలి.

ఇంకో సంగతి. పశువు మీద ప్రేమ పేరుతో మనిషిని కొట్టే కాలంలో ఉన్నాం మనం. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కట్టేసి కొట్టారు. ఆ తర్వాత నెలలోనే, యానానికి దగ్గర్లోని అమలాపురంలో, కరెంటు షాకుతో చనిపోయిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను కొట్టారు. శతాబ్దాలుగా ఈ పని మీదే అని అప్పగించినవాళ్లే, ఈ పని చేస్తావా అని కొట్టారు. ఎత్తకపోతే దెబ్బలు, ఎత్తితే దెబ్బలు. కాబట్టి జంతువుల పట్ల దయ అనే మంచి మాటను ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి. ఆ మాట కర్రగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

అలాగని "ఆచారం కాబట్టి ముట్టుకోవద్దు" అన్న మాటను నేను ఒప్పుకోను. ఆచారాలు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. ఒకప్పుడు సిడిమానుకు మనిషి వీపులో కొక్కెం గుచ్చి గాల్లో తిప్పేవారు. అది ఆగాక చాలాచోట్ల మనిషికి బదులు పొట్టేలును కట్టారు. ఒడిశా కొండల్లో కోందులు ధరణికి మనిషిని ఇచ్చే మెరియా ఆచారం 19వ శతాబ్దంలో ఆగి, ఆ స్థానంలోకి దున్నపోతు వచ్చింది. మనిషి స్థానంలో పశువు వచ్చినప్పుడు దేవత కోపగించలేదు, పంటలూ ఆగలేదు. ఇప్పుడు చాలాచోట్ల మేక స్థానంలో గుమ్మడికాయ కొడుతున్నారు. కుంకుమ కలిపిన ఆ కాయ పగిలినప్పుడు డప్పు అలాగే మోగుతోంది, పూనకం అలాగే వస్తోంది. కాబట్టి మారదన్నది నిజం కాదు. ఎవరు మార్చాలన్నదే ప్రశ్న. మొక్కుకున్నవాళ్లు కూర్చుని మాట్లాడుకుని మార్చుకున్నది నిలబడుతుంది. లాఠీ మార్చింది లాఠీ వెళ్లిపోగానే పోతుంది.

మన గ్రంథం కూడా ఈ రెంటినీ విడదీయలేదు. నిర్గమకాండం ఇరవై మూడో అధ్యాయంలో ఏడో రోజు విశ్రాంతి ఎవరికోసమో చూడండి. ఎద్దు, గాడిద, దాసి కొడుకు, పరదేశి అందరూ ఒకే వరసలో ఉంటారు. కాడి కింద ఉన్న పశువునూ, కాడి కింద ఉన్న మనిషినీ ఒకే వాక్యం విప్పుతుంది. బిలాము గాడిదను మూడుసార్లు కొట్టాడు. దూతను ముందు చూసింది ఆ గాడిదే. ఆమోసు ప్రవక్త బలుల గురించి గద్దించింది బీదవాడిని చెప్పుల జతకు అమ్ముకుంటున్నవాళ్లను. దండించే హక్కు మనకుందని చెప్పడానికి ఈ మాటలు ఎత్తడం లేదు. మన ఇల్లు ముందు చూసుకోవడానికి ఎత్తుతున్నాను.

మన ఇల్లు కూడా అంత శుభ్రంగా లేదు. తమిళనాడులో కొన్ని కాథలిక్ ఊళ్లలో పునీతుల పండుగకు జల్లికట్టు పెడతారు. సంక్రాంతి బరుల దగ్గర మన సంఘస్థులు కనబడరని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? పక్కింటివాళ్ల జాతరను మైకులో "సైతాను పూజ" అనే బోధకులు మనలో ఉన్నారు. ఆ మాట విన్న పక్కింటామెకు మేక గుర్తుకు రాదు. మనం ఆమె తల్లినీ, అమ్మమ్మనీ తిట్టామని మాత్రమే గుర్తుంటుంది. ఆ తర్వాత మనం జంతువుల గురించి ఎంత మంచి మాట చెప్పినా ఆ గుమ్మం దాటదు.

అందుకని నేను ఆజ్ఞలు ఇవ్వను. మన సంఘాల్లో చేయగల నాలుగు పనులు చెప్పి ముగిస్తాను.

ఒకటి. డప్పు కొట్టననీ, పొలి చల్లననీ, కళేబరం ఎత్తననీ చెప్పిన మనిషి ఏ మతం వాడైనా అతని పక్కన నిలబడదాం. ఫిర్యాదు రాయడానికి, స్టేషనుకు తోడు వెళ్లడానికి, ఊరు పని ఆపేస్తే నెల రోజులు బియ్యం ఇవ్వడానికి. డప్పును కళగా, గౌరవంగా, తన కూలి తాను అడిగి వాయించేవాడిని కూడా అంతే గౌరవిద్దాం.

రెండు. కత్తి పందెం దగ్గర మెతక వైఖరి వద్దు. అది ఎవరి మొక్కూ కాదు. మన పిల్లలు బరి దగ్గరికి వెళ్లకుండా, మన పొలం బరికి అద్దెకు ఇవ్వకుండా, మన సంఘ పెద్దలు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది.

మూడు. మన పెళ్లిళ్లలో, క్రిస్మస్ విందుల్లో కోసే మేక ఎలా వస్తోంది, ఎలా తెగుతోంది అని అడుగుదాం. పని తెలిసిన మనిషి, పదునైన కత్తి, కోసేముందు నీళ్లు, మిగతా మేకల కళ్ల ముందు కోయకపోవడం. ఇవి చేయడానికి పెద్ద ఖర్చు లేదు. మనం చేసి చూపిస్తే, మొక్కు మేక గురించి పక్కింటివాళ్లతో మాట్లాడే అర్హత కొంచెం వస్తుంది.

నాలుగు. గావు లాంటివి ఆపాలంటే పోలీసుకంటే ముందు ఆ పోతురాజుతో, ఆ ఇంటి పెద్దలతో మాట్లాడదాం. వాళ్లు మనకు చుట్టాలే. చాలాసార్లు వాళ్లకే ఆ పని ఇష్టం ఉండదు. తండ్రి చేశాడు కాబట్టి చేస్తుంటారు. "వద్దు" అనడానికి వాళ్లకు ఒక తోడు కావాలి. తిట్టేవాళ్లు వాళ్లకు ఇప్పటికే చాలామంది ఉన్నారు.

వచ్చే జాతరకు డప్పు వినబడగానే కిటికీ మూసుకోకండి. వీడియో తీయడానికి పరుగెత్తకండి. తాడు ఎవరి చేతిలో ఉందో చూడండి, ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోండి, వీలైతే పండుగ అయిపోయాక వాళ్లింటికి వెళ్లి మంచినీళ్లు అడిగి తాగండి. మాట అక్కడినుంచి మొదలవుతుంది.